తెలిసిన ఊరి భయం, తెలియని ఊరి భయం

(కోటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోట నుంచి గూడూరు ఎంతో దూరం లేదు. అక్కడ రైలెక్కితే ఒకపక్క మద్రాసు, ఒకపక్క బెజవాడ. అయినా మన పల్లెలో ఒక ఆడబిడ్డకి దూరాన సీటొస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవురూ నిద్రపోరు. "అక్కడ మనకెవురుండారు?" అంటుంది తల్లి. దీన్ని పిరికితనం అని నేననను. పేదోడి భయానికి లెక్క ఉండాది. ఊళ్లో అయితే అప్పిచ్చే కొట్టు తెలుసు. జొరమొస్తే గంజి కాచి పోసే వదిన ఉంది. చస్తే మోసే నలుగురుండారు. కొత్తచోట ఈ మూడూ లేవు.

అయితే రెండో లెక్క కూడా వెయ్యాల. తెలిసిన ఊరు మనకి ఏం నేర్పింది? ఎవరి వాకిట్లో నిలబడకూడదో, ఎవరి ముందు చెప్పులు విడవాల్నో నేర్పింది. ఆ భయం రోజూ ఉండేది కాబట్టి దాన్ని భయమని కూడా అనుకోము. తెలియని ఊరిని చూసి మాత్రం వణుకుతాం.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. కారంచేడు మాదిగలు దీన్ని చేసి చూపించినారు. 1985 జూలై 16న మంచినీళ్ల చెరువు కాడ గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే మన పిల్లోడు వద్దన్నాడు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త, కొట్టవచ్చినోళ్ల మీదికి బిందె ఎత్తింది. మర్నాడు భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినారు, ఆడోళ్లని చెరిచినారు. మిగిలినోళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

అంతవరకూ అది ప్రాణభయంతో పరుగు. ఆ తర్వాత జరిగిందే మనం నేర్చుకోవాల్సింది. వాళ్లు కారంచేడు తిరిగి పోబోమన్నారు. మాకు చీరాల్లోనే ఇళ్లు కావాలన్నారు. పొలం పని తప్ప మరొకటి తెలియని చేతులు, తెలియని పట్టణం. అయినా నిలబడ్డారు. అక్కడే విజయనగర్ కాలనీ లేచింది. ఆ పోరాటంలో నుంచే 1985లో దళిత మహాసభ పుట్టింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2008 డిసెంబరులో తేలింది. అన్నేళ్లు ఆ భూస్వాముల దగ్గరే కూలికి పోతూ వాళ్ల మీదే సాక్ష్యం చెప్పడం అయ్యే పనేనా? మీరే ఆలోచించండి.

వాళ్లకి ధైర్యం ఎక్కడిది? ఒక్కొక్కరుగా పోలేదు, కలిసి పోయినారు. దయ అడగలేదు, హక్కు అడిగినారు. తెలియని చోటికి తెలిసినోళ్లతో కలిసి పోతే అది సగం మన ఊరే.

ఊరు మారితే కులం పోతుందా అంటారు. పోదు. బాబాసాహెబ్ అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా కొలువుకొస్తే ఆయనకి ఉండను ఇల్లు దొరకలా. పార్శీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టినారు. పట్నంలో ఇంటి ఓనరు నీ కులం ఈరోజుకీ అడుగుతాడు. అందుకే ఒంటరిగా పోవద్దంటున్నా. దళితులకి వేరే ఊళ్లు కట్టించాలని ఆయన అడిగింది కూడా ఇందుకే.

అందరూ ఊరొదలమని కూడా చెప్పడం లేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికితే, మనోళ్లు ఆ శవాలని ఊరి నడుమనే పూడ్చి అది రక్తక్షేత్రమన్నారు. పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్లోకే రప్పించినారు. 2007లో అక్కడ పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. అయినా ఆ ఊరోళ్లు తలొంచలా. పోవడమా, ఉండడమా తేల్చుకోవాల్సింది మనం, వాళ్లు కాదు. మనల్ని బలవంతంగా ఇల్లు, ఊరు వదిలించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదం ఉంటే బాధితుల్ని, సాక్షుల్ని వేరేచోటికి మార్చి కాపాడమని అడగొచ్చు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టండి. మన పల్లె నుంచి పోయినోళ్లు నెల్లూరులో ఎవురు, చెన్నైలో ఎవురు, కువైట్‌లో ఎవురు, ఫోను నంబరుతో రాయండి. బిడ్డ పోయేముందు అక్కడుండే మన మనిషికి కబురు పెట్టండి. మొదటి నెల ఇంటి అద్దెకి తలా వందో యాభయ్యో వెయ్యండి. సంఘంలో ఇద్దరు పెద్దోళ్లు మొదటిసారి తోడు పోయి చూసి రండి. చదువుకుని స్థిరపడినోళ్లు ఆ నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తండి.

"అక్కడ మనకెవురుండారు?" అని తల్లి అడిగేది న్యాయమైన ప్రశ్న. దానికి ధైర్యంగా ఉండమని చెప్పడం జవాబు కాదు. ఒక పేరు, ఒక అడ్రసు చెప్పాల. అది ఇవ్వాల్సిన బాధ్యత సంఘానిది, మనందరిదీ.

జై భీమ్!