పక్కింటి పిల్ల మనకేమీ కాదా?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లలో చాలా ఏళ్లుగా కాపురముంటున్నదాన్ని నేను. మావారు బాయిపనికి వెళతారు. మావైపు బొగ్గుగనిని ‘బాయి’ అంటాము. బాయిలో దిగే మనిషికి తలమీద టోపీ ఉందా, దీపం ఉందా, కాళ్లకు బూట్లున్నాయా అని చూస్తారు. వీటన్నిటికంటే ముందు చూసేది వయసు. 1952 నాటి గనుల చట్టాన్ని 1983లో సవరించాక, శిక్షణ పొందే అప్రెంటిసులు తప్ప, 18 ఏళ్లు నిండనివారి చేత గనిలో పని చేయించకూడదు.

మంచిదే. మరి బాయి గేటు దగ్గర ఉన్న ఆ కాపలా మన ఇళ్ల గుమ్మాల దగ్గర ఉందా? ఇంట్లో అంట్లు తోమే పన్నెండేళ్ల పిల్ల వయసు ఎవరు అడుగుతున్నారు? ఇవాళ ఆ సంగతే మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

మా వరుసలో మూడిళ్ల అవతల ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన మావారికి పై అధికారి. ఒక దసరా పండుగ వెళ్లాక ఆ ఇంట్లో కొత్తగా ఒక పిల్ల కనిపించింది. “మా అక్క బిడ్డ వదినా, ఇక్కడ బడిలో వేద్దామని తెచ్చుకున్నం” అంది ఆ ఇల్లాలు. నేను నమ్మాను. నమ్మాను అనేకంటే, నమ్మితే నాకు ఏ చిక్కూ ఉండదని నమ్మాను అంటే నిజం.

పొద్దున్నే నల్లా వచ్చే వేళకు బిందెలతో నిలబడేది ఆ పిల్ల. లైనులో పిల్లలంతా బడికి వెళ్లిపోయాక గుమ్మం ముందు గిన్నెలు తోముతూ కనిపించేది. ఒకరోజు నల్లా దగ్గర అడిగాను.

“ఏం తరగతి బిడ్డా?”

“ఐదు అయిపోయిందమ్మా. తర్వాత బంద్.”

“వీళ్లు మీకేమైతరు?”

ఆ పిల్ల ఒకసారి ఇంటి తలుపు వంక చూసి, “ఏం కారమ్మా” అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మావారితో చెప్పాను. “మనకెందుకే? పైవాళ్ల ఇంటి సంగతి. రేపు నన్ను ఏ మూలకో బదిలీ చేస్తే మన పిల్లల చదువులేం కావాలె?” అన్నారు. ఆయన భయాన్ని నేను తప్పు పట్టను. కంపెనీ క్వార్టర్లలో ఉండేవారికి తెలుసు, డ్యూటీలోని పెద్దరికం ఇంటిదాకా వస్తుంది. అలా రెండు నెలలు నోరు మూసుకున్నాను. చివరికి అంగన్‌వాడీ టీచరుగా పనిచేసే మా చుట్టాలమ్మాయి, “అత్తా, నువ్వు పోట్లాటకు పోనక్కరలేదు. 1098కి ఫోన్ చేస్తే చాలు” అని చెప్పింది. చేశాను.

అసలు ఈ 1098 అంటే ఏమిటి? ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన ఫోన్ నంబరు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది. 1996లో బొంబాయిలో ఒక స్వచ్ఛంద ప్రయత్నంగా మొదలై దేశమంతా పాకింది. 2023 నుంచి దీన్ని ప్రభుత్వాలే నడుపుతున్నాయి. పిల్లలే చేయవచ్చు, పెద్దలూ చేయవచ్చు. మన పేరు బయటికి రానీయవద్దని అడగవచ్చు.

అక్కడ చెప్పిన మాట జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేరుతుంది. ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ సమితి అని ఒకటి ఉంటుంది. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. వారిలో ఒక స్త్రీ అయినా ఉండి తీరాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, కాపాడి తెచ్చిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఈ సమితి ముందుకు తీసుకురావాలి. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది సమితే గాని పోలీసులు కాదు.

ఫోన్ చేశాక నాకు మాత్రం గుండెదడ పట్టుకుంది. పోలీసు జీపు వస్తుందేమో, పిల్లను ఈడ్చుకెళ్లి ఏ అనాథాశ్రమంలోనో పడేస్తారేమో, ఉన్న కూడు కూడా పోగొట్టానేమో అని. మీలో చాలామందిని ఆపేది కూడా ఈ భయమే కాబోలు.

అలా జరగలేదు. మామూలు బట్టల్లో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పిల్లతో నెమ్మదిగా మాట్లాడి తీసుకెళ్లారు. కొద్దిరోజులు బాలసదనంలో ఉంచి తల్లిని పిలిపించారు. ఆమె భర్త పోయిన మనిషి. బిడ్డ బడికి పోతున్నదనే ఆమె అనుకుంటోంది! ఇప్పుడా పిల్ల కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఉండి చదువుకుంటోంది. సెలవులకు తల్లి దగ్గరికి వెళుతుంది.

ఇక్కడ మనం గ్రహించవలసింది ఒకటుంది. ఈ సేవ పని బిడ్డను తల్లి నుంచి లాక్కోవడం కాదు. హోములో పెట్టడం అన్నిటికంటే చివరి మార్గమని చట్టమే చెబుతోంది. ముందు చూడవలసింది బిడ్డ తనవాళ్ల దగ్గర ఉండే వీలు. అందుకే మిషన్ వాత్సల్య పథకంలో, భర్త లేని తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులు పోయి బంధువుల దగ్గర ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఏర్పాటు ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఈ సంగతి ఆ తల్లికి ముందే తెలిసి ఉంటే బిడ్డను పరాయి ఇంటికి పంపేదా?

పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. 2016 సవరణ తర్వాత, 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గాని, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. “అన్నం పెడుతున్నాం, బట్టలిస్తున్నాం, వాళ్లింట్లో ఉంటే అది కూడా దొరకదు” అంటారు కొందరు. అన్నం పెట్టడం పుణ్యమే. ఆ అన్నానికి బదులు బడిని అడగడం పుణ్యం కాదు సుమా!

మన చుట్టూ ఇంకా చూడండి. రామగుండం స్టేషను కాజీపేట–బల్లార్షా దారిలో ఉంది. దూరపు రైళ్లెన్నో ఆగుతాయి. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు ఇక్కడా దిగవచ్చు. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వస్తాయి. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో అధికారులు ఇలాంటి పిల్లలను వెతుకుతారు. ఆ రెండు నెలలు సరే, మిగిలిన పది నెలలు వెతకవలసింది ఎవరు? నాలుగు గోడల మధ్య జరిగేది ఏ శాఖకు కనపడుతుంది? మొదట కనపడేది ఇరుగుపొరుగుకే.

అయితే తొందరపాటు కూడదు. పిల్లను పదిమందిలో నిలబెట్టి ప్రశ్నలు వేయకండి. దొరికిన పసిబిడ్డను మీరే పెంచుకుందామని ఇంటికి తెచ్చుకోకండి. దత్తతకు వేరే పద్ధతి ఉంది. పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే మాత్రం, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పడం మన ఇష్టం కాదు, మన విధి.

ఎవరు చెప్పారో ఆ ఇల్లాలికి ఎవరూ చెప్పలేదు. కాని లైనులో ఒకరి ముఖం చూసి ఒకరు తెలుసుకోలేరా? ఈనాటికీ ఆవిడ నాతో మాట్లాడదు. ఆవిడ రాక్షసి కాదు, మా పిల్లలకు జ్వరమొస్తే అర్ధరాత్రి లేచి వచ్చిన మనిషి. ఆ స్నేహం పోయినందుకు నాకు బాధే.

దానికంటే పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ రెండు నెలలు. నేను నోరు మూసుకున్న ఆ రెండు నెలలు ఒక పిల్ల బడికి దూరమైంది. మీరు అన్ని రోజులు ఆగవద్దని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. 1098. మీ వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

సెలవు.