వేగస్‌కి రాలేనని చెప్పిన రోజు

ఈ వారం ఎపిసోడ్ చిన్నదే. స్నేహితురాలి పెళ్లికి ముందు జరిగే పార్టీకి, అదే బ్యాచిలరెట్ ట్రిప్‌కి, డబ్బు సర్దలేక వెళ్లలేకపోతే ఆ మాట ఎలా చెప్పాలి?

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. నాలుగేళ్ల కిందట డాలస్‌లో నా రూమ్మేట్ నన్ను నాష్‌విల్ ట్రిప్‌కి రమ్మంది. చేతిలో డబ్బుల్లేవు. అలా చెప్పడానికి నామోషీ. "ఆఫీసులో రిలీజ్ ఉందే" అనేశాను. ఆ శనివారమే ఇండియన్ స్టోర్‌లో దొండకాయలు ఏరుకుంటుంటే వాళ్ల పిన్నిగారు ఎదురుపడ్డారు. "అదేంటమ్మా, నీకు ఆఫీసన్నారే?" అన్నారు. తర్వాత పెళ్లికి వెళ్లాను, అక్షింతలు వేశాను. కానీ మా మధ్య పాత చనువు మళ్లీ రాలేదు. తనని బాధపెట్టింది నేను వెళ్లకపోవడం కాదు, అబద్ధం.

ఈ ఏడాది ఎమ్మెస్‌లో నాతో చదివిన అమ్మాయి పెళ్లి. లాస్ వేగస్‌లో మూడు రాత్రులు అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఫ్లైట్ 280 డాలర్లు, రూములో నా వాటా 420, అందరికీ ఒకే రంగు బట్టలు 110, డిన్నర్లు, పూల్ పార్టీ 350. పెళ్లికూతురి ఖర్చు మిగతావాళ్లు పంచుకోవడం ఇక్కడ మామూలే కదా, అది 140. మొత్తం 1,300.

సరిగ్గా ఆ నెలలోనే మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్‌-1బీ వాళ్లకి తెలుసు, ఉద్యోగం పోతే మామూలుగా చేతిలో ఉండేది 60 రోజులు. ఇంట్లో ఆ రోజులు లెక్కపెట్టుకుంటున్నాం.

గ్రూపులో ఏమీ రాయలేదు. తనకే ఫోన్ చేశాను. "ఏమే, నేను వేగస్ రాలేను. ఇప్పుడు మాకు డబ్బు ఇబ్బందిగా ఉంది. పెళ్లికి తప్పకుండా వస్తాను. గోరింటాకు రోజు పొద్దున్నుంచీ మీ ఇంట్లోనే ఉంటాను, వంటపని నాకొదిలెయ్" అన్నాను.

"నీ వాటా నేను కడతాలే" అంది. అసలు కష్టం అక్కడ వచ్చిందండి. రెండోసారి కాదనడం మొదటిసారి కంటే కష్టం. "వద్దే, నువ్వు కడితే అక్కడ కూర్చుని కూడా ఆ లెక్కే వేసుకుంటుంటా" అన్నాను. నొచ్చుకుంది. రెండు రోజులు మెసేజ్ లేదు. మూడో రోజు, "పులిహోర ఎంతమందికి చేయగలవు?" అని అడిగింది. నలభై మందికి చేశాను.

నాకు అర్థమైంది ఇది. బుకింగులకి ముందే చెప్పండి, తర్వాత చెప్తే మీ వాటా మిగతావాళ్ల మీద పడుతుంది. కారణం ఒక్కటి చాలు, అది నిజమైతే చాలు. "చూద్దాంలే" అనకండి. మన ఇళ్లల్లో ఆ మాటకి రానని అర్థం. ఇక్కడ పుట్టిపెరిగిన పిల్లలు మాత్రం, వస్తారేమో అని రూము బుక్ చేసేస్తారు. రాలేనన్నాక, మీరు చేయగలిగింది ఒకటి చెప్పండి, చెప్పింది చేయండి.

ట్రిప్ ఏర్పాటు చేసేవాళ్లకీ ఒక మాట. మొదటి మెసేజ్‌లోనే మొత్తం ఖర్చు రాయండి. వేగస్ హోటళ్లలో రూము అద్దె మీద రిసార్ట్ ఫీ అని రోజుకింత వేస్తారు, అదీ కలపండి. రాలేనివాళ్లు విడిగా చెప్పొచ్చని కూడా రాయండి.

మన ఊళ్లల్లో లెక్కలు లేవని కాదు, చదివింపుల పుస్తకం అక్కడా ఉంటుంది. కానీ పెళ్లికూతుర్ని చేసే రోజు నలుగు పెట్టడానికి వచ్చిన పక్కింటావిణ్ణి ఎవరూ వాటా అడగరు.

మా ఆయనకి 52వ రోజున ఆఫర్ వచ్చింది. ఆ వార్త ఇంట్లోవాళ్ల తర్వాత మొదట చెప్పింది తనకే.

ఉంటానండి, వచ్చేవారం కలుద్దాం.