ముఖము వంకరపోవు వ్యాధి (ప్రసంగ పాఠము)



చెరకు నరుకు కాలమున తెల్లవారకముందే బండ్లు కట్టుకొని బోధను త్రోవ పట్టిన రైతులను ఈ ప్రాంతపు పెద్దలు చూచియే యుందురు. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. పుష్యమాసపు చలిగాలి మాత్రము మానలేదు. అట్టి చలిలో తిరిగివచ్చిన వాడొకడు మరునాడు నోరు పుక్కిలింపగా నీరు ఒక ప్రక్కనుండి జారిపోవును. అద్దములో చూచుకొనిన మూతి వంకర, ఒక కన్ను మూతపడదు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. పసరు పూయుదురు, తాయెత్తు కట్టుదురు. వారము గడచిపోవును. ఈ వ్యాధిలో మిక్కిలి విలువగలది ఆ మొదటి వారమే.

దీనిని ఆయుర్వేదము అర్దితమనును. యునానీ వైద్యులు లక్వా అందురు. సుశ్రుతుడు దీనిని వాతవ్యాధులలో చేర్చి, కన్ను ఆర్పలేని రోగికి నయమగుట దుర్లభమని హెచ్చరించెను. ముఖకండరములను కదలించు నరమును గూర్చి చార్లెసు బెల్ అను వైద్యుడు 1821లో లండనున వివరించెను. నేటికిని దీనికి బెల్స్ పాల్సీ యని పేరు.

ఆ నరము మెదడునుండి బయలుదేరి, చెవి వెనుకనున్న ఎముకలోని ఇరుకు దారిగుండ వచ్చి, ముఖమున అయిదు శాఖలుగా చీలును. ఇరుకు తూములో చెత్త చేరిన దిగువ పొలములకు నీరందదు. అట్లే ఆ ఎముకదారిలో నరము వాచి నొక్కుకొనిన ముఖమునకు చలనముండదు. పలువురిలో కారణము స్పష్టముగా తెలియదు. లోపల అణగియున్న హెర్పిస్ వైరసు తిరిగి విజృంభించుట వలననని వైద్యుల యనుమానము. మధుమేహులకును, నిండు గర్భిణులకును ఇది ఎక్కువ. చెవిలో చీము, చెవి చుట్టు పొక్కులు, తలకు దెబ్బ కూడ కారణములే.

గుర్తించుటకు నుదురు చూడవలెను. కనుబొమలు ఎత్తుమనినపుడు ఆ ప్రక్క నుదురు ముడుతపడనిచో దోషము సాధారణముగా నరములోనే కలదు. నుదురు ముడుతపడి మూతి మాత్రమే వంకరపోయి, చేయి కాని కాలు కాని పట్టుతప్పి, మాట తడబడిన అది మెదడుకు వచ్చిన పక్షవాతము కావచ్చును. నాలుగున్నర గంటలలోగా ఇవ్వవలసిన మందు కలదు గనుక క్షణమైనను ఆగరాదు. సందేహమున్నను పెద్ద ఆసుపత్రికే పోవలెను.

నరపు వాపునకు ప్రెడ్నిసొలోన్ అను మందును మూడు దినములలోగా, వైద్యుని యాజ్ఞపై ప్రారంభింపవలెను. 2007లో ప్రకటితమైన స్కాట్లండు పరిశోధనలో, తొమ్మిది నెలలకు ఈ మందు వాడినవారిలో నూటికి 94 మంది, వాడనివారిలో నూటికి 82 మంది పూర్తిగా కోలుకొనిరి. ఇది చక్కెరను పెంచును గాన మధుమేహులు ముందే చెప్పవలెను. మూతపడని కంటిలో పగలు చుక్కలు, రాత్రి లేపనము వేసి, రెప్పను మూసి పట్టీ అంటింపవలెను. పసుపు మార్కెటు దుమ్ములో పనిచేయువారికి అద్దములు తప్పవు. కంటి నల్లగ్రుడ్డు ఎండి పుండైన, మూతి బాగుపడినను చూపు తిరిగి రాకపోవచ్చును.

ఈ జిల్లావారికి మరియొక హెచ్చరిక. నిజామాబాదునకు సమీపమున డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించిరి. రాజా నర్సాగౌడు ధనసహాయము చేసిరి. కుష్ఠు కూడ ఈ నరపు శాఖలను పట్టి, రెప్ప మూతపడకుండ చేయును. చెంపపై స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ యున్న దాచరాదు. ఆరు నెలలు గాని పండ్రెండు నెలలు గాని ఉచితముగా లభించు మందులతో రోగము నయమగును. రెప్ప దోషమును తొలినాళ్లలోనే చూపించిన కన్నును నిలుపవచ్చును.

దినములు గడచిన కొలది ఈ వ్యాధి ముఖముపై వడ్డీ కట్టుచుండును. నుదురు చూడుడు, కన్ను కాపాడుడు, మూడు దినములు దాటనీయకుడు. చదువురాని పొరుగువానికి ఈ మూడు మాటలు చేరవేసిన గ్రంథాలయ సభ్యుడు ఒక కంటిని నిలిపినవాడగును.