నేలవేముకు పరీక్ష ఎందుకు?

(పెద్దకొడప్‌గల్‌లో తండా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఆట గురించి, పాట గురించి, అద్దాల కుట్టుపని గురించి మాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడే ఉన్నారు. మేము హాస్టల్లో పిల్లల జ్వరాలు చూసేవాళ్లం. అందుకే మన మందు మొక్కల గురించి, మలేరియా గురించి మాట్లాడుతాం.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద, వానాకాలం. వలస పనికి పోయిన తల్లిదండ్రుల దగ్గర కొన్నాళ్లుండి ఏడో తరగతి పాప హాస్టల్‌కు తిరిగొచ్చింది. కొద్ది రోజులకే చలి పెట్టి జ్వరం వచ్చింది. సాయంత్రానికి చెమట పట్టి దిగింది. వంట చేసే ఆయమ్మ నేలవేము కషాయం కాచి తాగించింది. మరునాడు పాప లేచి ఆడుకుంది. చూశారా మన మందు అని మేమందరం సంతోషపడ్డాం. మూడో రోజు మళ్లీ చలి, మళ్లీ కషాయం. నాలుగో రోజు బాగుంది. ఐదో రోజు పాప నిలబడలేకపోయింది. అప్పుడు ఆస్పత్రికి తీసుకుపోతే వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి చూశారు. వైవాక్స్ మలేరియా. పాప కోలుకుంది. కానీ ఆలస్యం చేసింది మేమే. ఆయమ్మను అనడానికి ఏమీ లేదు. టీచర్ ట్రైనింగ్ చేసి, సైన్సు పాఠం చెప్పిన మాకు తట్టాల్సిన సంగతి అది.

ఏమిటా సంగతి? వైవాక్స్ మలేరియా క్రిములు ఎర్ర రక్తకణాల్లో పెరిగి, సుమారు 48 గంటలకోసారి ఆ కణాలను పగలగొట్టుకుని బయటికొస్తాయి. అప్పుడు చలి, జ్వరం. మధ్య రోజున జ్వరం దానంతటదే తగ్గుతుంది. కషాయం తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. ఆ మధ్య రోజును మేము మందు గొప్పతనం అనుకున్నాం. జ్వరం తగ్గడం వేరు, రక్తంలో క్రిమి పోవడం వేరు. రెండోది కంటికి కనపడదు. పరీక్షలోనే తెలుస్తుంది.

మలేరియా దోమతో వస్తుందన్న రుజువు దొరికింది మన రాష్ట్రంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూశాడు. అంతకుముందు చెడుగాలితో వస్తుందని నమ్మేవారు. చూసిన తర్వాతే నమ్మకం మారింది.

మరి మన కషాయం ఉత్తదేనా? అలా అనడానికీ పరీక్ష కావాలి. నేలవేము సారం ప్రయోగశాలలో మలేరియా క్రిమి పెరుగుదలను తగ్గించిందని మన దేశ శాస్త్రవేత్తలే చూపించారు. అయితే గాజు పాత్రలో పనిచేసింది కడుపులోకి పోయి, రక్తంలో చేరి, అంతే బలంగా పనిచేస్తుందని చెప్పలేం. అందుకే గాజు పాత్ర తర్వాత ఎలుక, ఆ తర్వాత విషగుణం ఉందా లేదా అన్న పరీక్ష, చివరికి ఒప్పుకున్న మనుషుల మీద పరీక్ష.

అలా చివరి మెట్టు దాకా పోయిన మందు ఒకటుంది. పేరు ఆయుష్-64. ఏడాకులపాల బెరడు, కటుకరోహిణి, చిరాయిత, గచ్చకాయ గింజలతో కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి మలేరియా కోసం తయారుచేసింది. గచ్చకాయలతో చిన్నప్పుడు ఆడుకోని వాళ్లు మనలో ఎవరున్నారు! ఈ మందును వైవాక్స్ రోగుల్లో క్లోరోక్విన్‌తో పోల్చి చూశారు. 2000లో ఫలితం అచ్చయింది. 28 రోజులకు క్లోరోక్విన్ తీసుకున్నవాళ్లందరికీ నయమైంది. ఆయుష్-64 తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికే నయమైంది. ఇది విని సిగ్గుపడే పని లేదు. ఆ మొక్కల్లో ఏదో గుణం ఉండొచ్చని ఒక సగం ఆశ చూపిస్తుంది. మన పిల్లను దాని మీదే వదిలేయకూడదని ఇంకో సగం చెప్తుంది.

పూర్తిగా గెలిచిన మొక్క కథ కూడా వినండి. చైనాలో 1960ల చివర మలేరియా మందు కోసం తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత నాటు మందులను వందల్లో పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేయలేదు. ఆమె మళ్లీ పాత పుస్తకం తీసింది. సుమారు 1,600 ఏళ్ల కిందటి ఆ పుస్తకంలో మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి తాగమని ఉంది. కాచమని లేదు! వేడికి గుణం పోతోందేమోనని ఆమె తక్కువ వేడితో సారం తీసింది. 1971లో అది ఎలుకల్లో పూర్తిగా పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. ఈ రోజు ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చే మందులకు అదే మూలం. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

గమనించారా? కాచాలా, నానబెట్టాలా అన్న ఒక్క మాటలోనే మందు దాగి ఉంది. మన యాడీల దగ్గర అలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో! వాళ్లతోపాటే అవి పోతున్నాయి. అందుకే మీకు పని చెప్తున్నాం.

సెలవులకు తండాకు పోయినప్పుడు నోటుబుక్కు తీసుకుపోండి. ఏ మొక్క, ఏ భాగం, ఏ కాలంలో కోస్తారు, కాస్తారా నూరుతారా, ఎంత ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అని అడిగి రాయండి. గోర్ బోలీ పేరు రాయండి. పేరు ఒక్కటే చాలదు. నేలవేము అంటే మన చేల గట్ల మీద దొరికే ఆండ్రోగ్రాఫిస్ అనేవాళ్లున్నారు, హిమాలయాల్లో పెరిగే చిరాయితను అదే పేరుతో పిలిచేవాళ్లున్నారు. అందుకే పూతతో ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, కాలేజీలో వృక్షశాస్త్రం సార్‌కో మేడమ్‌కో చూపించండి.

ఇంకో మాట. చెప్పిన యాడీని అడగకుండా ఫోన్‌లో వీడియో తీసి పెట్టకండి. అది ఆమె సొత్తు, తండా సొత్తు. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి ‘జీవని’ అనే మందు వచ్చింది. లైసెన్సు డబ్బులో, రాయల్టీలో సగం వాళ్ల ట్రస్టుకు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అందరినీ అడగలేదన్న గొడవ కూడా వచ్చింది. అడగడం, పంచడం రెండూ ముఖ్యమే. 2002 జీవ వైవిధ్య చట్టం కూడా దాని కోసమే. చదవండి.

చివరిగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చలి జ్వరం వస్తే అదే రోజు ఆశా కార్యకర్త దగ్గరికో, ఆరోగ్య కేంద్రానికో పోయి రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వం దగ్గర పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. కాబట్టి డాక్టర్ రాసిన మాత్రలు, 14 రోజులంటే 14 రోజులూ, మింగాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. కషాయం కూడా తాగుతుంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

మా హాస్టల్లో ఇప్పుడు ఏ పిల్లకు జ్వరమొచ్చినా ముందు రక్తపరీక్షే. ఆ ఆయమ్మే మొదట గుర్తు చేస్తుంది. ఆమె కషాయం లెక్క కూడా మా నోటుబుక్కులో రాసిపెట్టాం, ఆమె ఒప్పుకున్నాకే. రేపు మీలో ఒకరు ప్రయోగశాలలో ఆ పేజీ తెరిస్తే అంతకంటే మాకు ఇంకేం కావాలి?

జై సేవాలాల్.