పిడికెడు బియ్యం

 

2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డులో పేరున్నవారికి తలకు 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. మరి కార్డులో పేరెక్కని కోడలు, పసిపిల్లల వంతు ఎవరు చూడాలి? అందుకే గోలేటిలో మనం ఇంటింటా ముఠ్ఠీ చావల్ డబ్బా పెట్టుకున్నాం. ఎసరు పెట్టేముందు ఇల్లాలు పిడికెడు అందులో వేస్తుంది. జుమ్మా నాడు, షిఫ్టు దిగి వచ్చిన యువకులు పోగుచేస్తారు.

మొదట్లో మేము పేర్లు పిలిచి, వరుసలో నిలబెట్టి ఇచ్చాం. ఒక వితంతువు తల్లి మళ్లీ రాలేదు. తప్పు మాదే. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదని బడిలో చెప్పే మేమే మరిచాం! ఇప్పుడు ఇషా నమాజు తర్వాత సంచి గుమ్మం దాకా పోతుంది. లెక్క పుస్తకంలో కిలోలే ఉంటాయి, పేర్లుండవు.

డబ్బాలో వేయలేని ఇంటివారు సిగ్గుపడకండి. మాకొక మాట చెప్పండి, చాలు.