పని చేశానని ఎవరు చెప్పాలి?

(వినుకొండలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం పైకి ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. ఉద్యోగానికి వచ్చిన మనిషి "ఇదివరకు ఫలానా చోట పనిచేశాను" అంటే అది నిజమో కాదో విచారించడం. ఇందులో స్త్రీల హక్కుల ప్రశ్న ఏముందని ఒకరిద్దరు అడిగారు కూడా. ఒక సంగతి చెబుతాను.

ఈ చుట్టుపక్కల ఊరామె, పేరు చెప్పను, పదకొండేళ్ళు ఒక జిన్నింగ్ మిల్లులో పత్తిలో చెత్త ఏరే పని చేసింది. భర్త పోయాక, ఏడాది పొడవునా పని దొరుకుతుందని ఒక నూలు మిల్లులో దరఖాస్తు పెట్టుకుంది. అనుభవం ఉన్నవాళ్ళకు అక్కడ కూలి రేటు వేరు. వాళ్ళు పాత మిల్లుకు ఫోను చేశారు. "ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు" అన్నాడు గుమాస్తా. దాంతో కొత్తవాళ్ళ రేటుకైనా తీసుకోలేదు. "అబద్ధం చెప్పిన మనిషిని ఎట్లా పెట్టుకుంటామమ్మా?" అన్నారట. ఉద్యోగం పోయినందుకంటే ఆ మాటకే ఆమె ఎక్కువ ఏడ్చింది.

మేం ముగ్గురం వెళ్ళి గుమాస్తాను అడిగాం. పుస్తకం తీసి చూపించాడు. ప్రతి తేదీకీ ముఠా మేస్త్రి పేరు, ఎదురుగా "ఆడవాళ్ళు 14", మర్నాడు "ఆడవాళ్ళు 11". డబ్బు మేస్త్రి చేతికి ఇచ్చినట్టు సంతకం. గుమాస్తా చెప్పింది అబద్ధం కాదు, ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. ఆ పద్నాలుగు మందిలో ఆమె ఉంది. ఎవరెవరు ఉన్నారో చెప్పగలిగిన మేస్త్రి చనిపోయి మూడేళ్ళయింది.

ఇదే ఊళ్ళో మిలిటరీ నుంచి దిగి వచ్చిన మనిషి సంగతి చూడండి. ఆయన దగ్గర డిశ్చార్జి బుక్కు ఉంటుంది. సర్వీసు నంబరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, ప్రవర్తన అన్నీ అందులోనే. అనుమానం ఉంటే ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాస్తే సరిపోతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉండనే ఉంది. ఆయన కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాకపోతే అక్కడ యజమానే కాగితం రాసి చేతికిచ్చి పంపుతాడు. పదిహేడేళ్ళు మిరపకోతకు వెళ్ళిన ఆడమనిషికి ఎవరు ఏం రాసిచ్చారు?

పేరు గొడవ ఒకటుంది, ఇది మగవాళ్ళకు సాధారణంగా ఉండదు. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తరవాత ఇంకొకటి. ఆధార్‌లో ఒక పేరు, మేస్త్రి చిట్టాలో ఇంట్లో పిలిచే పేరు, లేకపోతే "ఫలానా వాడి భార్య". నిజంగానే పేరు ఎక్కించిన చోట కూడా విచారించేవాళ్ళు కలపలేక "సరిపోలలేదు" అని రాసి పడేస్తారు.

చట్టం ఏమంటుంది? పని చేశానని చెప్పుకునే మనిషే ముందు రుజువు చూపాలని కోర్టులు అంటూ వచ్చాయి. అయితే ఆర్.ఎం. యెల్లట్టి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. రోజుకూలీకి నియామక పత్రం ఉండదు, రశీదు ఉండదు. కాబట్టి అతను బోనెక్కి ప్రమాణం చేసి చెప్పవచ్చు, మస్టర్లు తెమ్మని యజమానిని అడగవచ్చు అంది. ఆ కర్ణాటక కూలీ చేతిలో ఉన్నది పాత ఇంజనీరు ఇచ్చిన ఒక సర్టిఫికెట్టు. యాజమాన్యం మస్టర్లన్నీ తేలేదు. అతను గెలిచాడు. చిన్న కాగితమే, కానీ నిలబడింది.

మస్టరులో పేరుంటే ఏం ఒరుగుతుందనే వాళ్ళకు ఇంకో తీర్పు చెబుతాను. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టరు మీద రోజుకూలికి పనిచేసే స్త్రీలకు కూడా ప్రసూతి సౌకర్యం ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న చెప్పింది. ఆ చట్టం ప్రకారం కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి. పేరు లేకపోతే ఆ 80 రోజులు ఎట్లా లెక్కపెడతారు?

2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు మన ఆడవాళ్ళు చాలామంది మొదటిసారి తమ పేరు మస్టరులో చూసుకున్నారు. సామాజిక తనిఖీలో ఆ పేర్లు గ్రామసభలో చదివి "ఈమె పనికి వచ్చిందా?" అని ఊరినే అడిగేవాళ్ళు. నన్నడిగితే విచారణ అంటే అట్లా ఉండాలి, పనిచేసిన మనిషి ఎదుట, తోటివాళ్ళ సాక్ష్యంతో.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ నియామక పత్రం ఇవ్వాలి. మిల్లుల దగ్గర అడగండి. "మీరు మా మనుషులు కారు, మేస్త్రి మనుషులు" అంటారు. పోట్లాట అక్కడే మొదలవుతుంది. పొలం కూలికి వెళ్ళేవాళ్ళకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఇక మన సంగతి. సంస్థలు నడిపేవాళ్ళం మనమూ యజమానులమే. బాలవాడీ టీచరును తీసుకునేటప్పుడు పాత చోటికి ఫోను చేస్తాం. ఏం అడుగుతున్నాం? ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ పని, ఎంత జీతం. అంతవరకే అడగాలి. "మనిషి ఎట్లాంటిది, మొగుడితో ఉంటోందా?" అని అడిగిన సందర్భాలు నాకు తెలుసు. పాత చోట మేనేజరు వేధింపు మీద ఫిర్యాదు చేసిన అమ్మాయి గురించి ఆ మేనేజరునే అడిగితే "గొడవ మనిషి" అనే అంటాడు. అతను ఏమన్నాడో ఆమెకు చెప్పి, ఆమె జవాబు విన్న తరవాతే ఏదైనా తేల్చండి. కాగితం లేదంటే ఆమెతో కలిసి పనిచేసిన ఇద్దరి మాట తీసుకోండి. మన దగ్గర మానేసి వెళ్ళేవాళ్ళకు అడగకముందే పత్రం రాసివ్వండి.

సంక్రాంతి దాటితే మిరపకోతలు ముమ్మరమవుతాయి. ముఠాకొక నోటుపుస్తకం చొప్పున పెట్టుకుందాం. తేదీ, చేను ఎవరిది లేదా మిల్లు ఏది, మేస్త్రి పేరు, వచ్చిన కూలి, ప్రతి మనిషి పేరు ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా. వారానికోసారి మేస్త్రి సంతకం. పెట్టనంటే ముఠాలో ఇద్దరు ఆడవాళ్ళ సంతకం, చదువు రానివాళ్ళు వేలిముద్ర. ఆ పదకొండేళ్ళ ఆమె తరఫున మాత్రం తోటి ఆడవాళ్ళు తొమ్మిదిమంది సంతకాలు చేసి ఇచ్చారు. నూలు మిల్లువాళ్ళు ఇంకా జవాబు ఇవ్వలేదు, వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాం. రాగలిగినవాళ్ళు పేర్లు ఇవ్వండి. పుస్తకాలు ఆ చివర బల్ల మీద ఉన్నాయి.