తక్కెడ మన చేతికి రావలెను

(గ్రామ సమాఖ్యల స్త్రీలును, వారి కుటుంబములవారును కూడిన సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



సభ్యులే యజమానులైన కిరాణా అంగడిని మీ గ్రామమున తెరువవలెనా, వలదా యను ప్రశ్న నేడు మీ యెదుట నున్నది. ఔనన్నను కాదన్నను దాని ఫలమును అనుభవించువారు మీరే. కావున పొగడ్తలను, భయములను ప్రక్కనుంచి అనుభవమును, లెక్కను, చట్టమును వరుసగా మీ ముందుంచ దలచితిమి.

మొదట మన సీమను చూడుడు. నల్లగొండ, మహబూబునగరము మెట్టభూముల జిల్లాలు. 2016 అక్టోబరు 11న ఇవి పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. కృష్ణాజలములు కొన్ని మండలములకు చేరినవి. తక్కిన చోట్ల నేటికిని వానయే ఆధారము. కంది, ఆముదము, వేరుసెనగ, జొన్న మన పంటలు. కందులను కల్లములోనే అమ్ముకొని, అవియే పప్పుగా మారి వచ్చినప్పుడు హెచ్చు ధరకు కొనుచున్నాము. ఆషాఢము మొదలు భాద్రపదము వరకు కూలివాని చేత రొక్క ముండదు. అంగడి ఖాతా పుస్తకమే దిక్కు. ఖాతాపై కొనువానికి ధర యడుగు ధైర్యము గాని, తూకము చూచు చొరవ గాని యెక్కడిది? ధాన్యమును నాగునకు తెచ్చుకొని, పంటకాలమున ఒకటికి ఒకటిన్నర కొలిచిన దినములను గూర్చి మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ మానికలు పోయినవి. అక్కరలో నున్నవాడు నోరెత్తజాలని స్థితి మాత్రము పూర్తిగా పోలేదు.

ఇట్లనుటచే వర్తకులను దూషించుచున్నామని తలపవలదు. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జన సంఘము, దౌరా వచ్చిన ఉద్యోగులు అంగళ్లలోని సరకులను తమకు తోచిన ధరకు ఎత్తుకొనిపోవు అక్రమమును ఎదిరించి వర్తకుల పక్షమున నిలిచినది. చిన్న వర్తకుడు పట్టణపు టోకు వర్తకునికి అప్పుపడియుండును. ఆ భారము మన తలపైకే దిగును. కావున మన పోరు మనుష్యులతో కాదు, ఆ గొలుసుతో.

ఈ గొలుసును త్రెంచు ఉపాయమును మొదట చూపినవారు నేతపనివారే యనుట పోచంపల్లి పేరు వినిన మనకు గర్వకారణము. ఇంగ్లాండు దేశమున రాచ్‌డేల్ పట్టణమున 28 మంది శ్రామికులు, వారిలో పలువురు నేతగాండ్రు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి 1844 డిసెంబరు 21న ఒక చిన్న అంగడిని తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓటు ధాన్యపు పిండి, క్రొవ్వొత్తులు, ఇంతియే సరకు. కల్తీ లేని వస్తువు, నిండు తూకము, రొక్కపు బేరము, మనిషికొక ఓటు, మిగిలిన లాభమును కొనుగోలునుబట్టి పంచుట. ఇవి వారి నియమములు. మన దక్షిణదేశమున 1904లో మద్రాసు తిరువళ్లిక్కేణిలో ఇట్టి సంఘము వెలసినది.

ఐనచో మన దేశమున ఇట్టి అంగళ్లు ఊరూర ఏల నిలువలేదు? రెండవ ప్రపంచయుద్ధ కాలమున రేషను వచ్చినప్పుడు వినియోగదారుల భాండారములు పుట్టగొడుగులవలె మొలచినవి. నియంత్రణలు తొలగగానే వానిలో అనేకములు మూతపడినవి. 1962 యుద్ధము తరువాత ప్రభుత్వము మరల పూనుకొన్నది. 1966లో ఢిల్లీలో సూపర్ బజారు తెరువబడినది. మూలధనము సర్కారుది, మేనేజరు సర్కారువాడు. కొనువాడు కేవలము కొనువాడే. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల జిగురును, తేనెను కొని, ఉప్పును, పప్పును వారి చెంతకు చేర్చినది. ఆ సేవను తక్కువ చేయరాదు. కాని అందలి తక్కెడ చెంచువాని చేతిలో లేదు. పైనుండి దిగిన సంస్థ పైవారి చూపు మరలినంతనే వాడిపోవును. ఇదియే ఆ చరిత్ర నేర్పు పాఠము.

ఇక మన సీమలోని అనుభవమును వినుడు. 1995 నుండి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము సాయముతో మహబూబునగరము, కర్నూలు, అనంతపురము జిల్లాలలో పొదుపు సంఘములు, గ్రామ సమాఖ్యలు బలపడినవి. 2000లో వెలుగు పథకము ఆరంభమైన ఆరు జిల్లాలలో మహబూబునగర మొకటి. 2003 నుండి అట్టి కార్యక్రమమే నల్లగొండకును విస్తరించినది. బియ్యపు అప్పు అను పద్ధతి ఈ సమాఖ్యలలోనే పెరిగినది. ఏ ఇంటికి ఎన్ని కిలోలు కావలెనో చిన్న సంఘము వ్రాసికొనును. గ్రామ సమాఖ్య ఆ పట్టీలను కూర్చును. కొనుగోలు కమిటీ స్త్రీలు బజారులు తిరిగి, బియ్యమును చేతబట్టి చూచి, బేరమాడి, బండి మాట్లాడి తెచ్చెదరు. ఇంటికి చేరిన బియ్యమునకు కుటుంబము వాయిదాలపై చెల్లించును. కొన్నిచోట్ల పప్పు, నూనె, చింతపండు కూడ ఇట్లే వచ్చినవి. మూట బియ్యము ఇంట నున్న కూలివాడు మేస్త్రీ యిచ్చు బయానా కొరకు తొందరపడి దూరదేశపు పనికి వేలిముద్ర వేయడు. పాలమూరు వలసల నెరిగినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. రాచ్‌డేల్ వారు అరువు వలదనిరి; మన యిండ్లలో అరువు లేనిదే శ్రావణము గడువదు. ఈ రెంటిని పొసగించుట యెట్లు? అంగడిని, అప్పును వేరుచేయుటయే మార్గము. అంగడి ఎవరికిని అరువీయరాదు, అధ్యక్షురాలికైనను ఈయరాదు. అక్కరగల సభ్యురాలు తన సంఘమున అప్పు పొంది, అంగడిలో రొక్క మిచ్చి కొనవలెను. బాకీ వసూలు సంఘముయొక్క పని. ఆమె కష్టసుఖములను ఎరిగినవారు వారే. ఈ గట్టు తెగినచో అంగడి ఆరు నెలలు నిలువదు.

లెక్క చూతము. ఉదాహరణకు 120 కుటుంబములు నెలకు 2,000 రూపాయల సరకు కొన్నవనుకొందము. ఏడాదికి 28,80,000 రూపాయల వ్యాపారము. ఖర్చులన్నియు పోగా నూటికి మూడు మిగిలినచో 86,400. అందు నాలుగవ వంతు, 21,600, నిధికి చేర్చి తక్కినది పంచినచో కుటుంబమునకు 540 రూపాయలు వచ్చును. ఇది గొప్ప సొమ్ము కాదు. గొప్పదని మీకు చెప్పువారిని నమ్మవలదు. అసలు లాభము వేరుచోట నున్నది. మీ అంగడిలో కిలో నిండు కిలోగా తూగిననాడు ఊరిలోని ప్రతి తక్కెడయు సరియగును. మీ ధర పలకపై వ్రాసిననాడు సభ్యురాలు కాని పేదరాలికి సైతము ధర యడుగు నోరు వచ్చును.

చట్టము మాట. 1964 నాటి సహకార చట్టము క్రింద ప్రభుత్వము సంఘమున వాటాధనము పెట్టవచ్చును. పాలకవర్గమును తొలగించి తన అధికారిని కూర్చుండబెట్టవచ్చును. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద సర్కారు వాటాధనము లేదు. ఎన్నికలు, నిబంధనలు సభ్యులవే. వేరు వేరు కుటుంబములకు చెందిన పదిమంది కలసినచో సంఘము నమోదు కాగలదు. 2012లో అమలునకు వచ్చిన 97వ రాజ్యాంగ సవరణము సహకార సంఘములను ఏర్పరచుకొనుటను ప్రాథమిక హక్కులలో చేర్చినది. అందు రాష్ట్రముల సంఘములకు సంబంధించిన భాగమును 2021లో సుప్రీంకోర్టు కొట్టివేసినను ఈ హక్కు నిలిచియే యున్నది. కాని హక్కు కాగితమున నున్నంత మాత్రమున లెక్కలు సరిపడవు. ఏటేట ఆడిటు, నెలనెల సరకు తనిఖీ, సర్వసభ్య సమావేశమున లెక్క చదివి వినిపించుట. ఈ మూడును మీరే చేసికొనవలెను.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని మనలో సామెత కలదు. అది నిజమే. ఎవరికిని వంతు లేని గొడ్డు అట్లే చచ్చును. నేడు గడ్డి వేయువారెవరు, రేపు నీరు పెట్టువారెవరు అని పేర్లు వ్రాసికొన్న గొడ్డు బ్రతుకును, పాలిచ్చును.

కావున మా మనవి యిది. నేడే చప్పట్లతో తీర్మానింపవలదు. ఇండ్లకు పోయి గడచిన మూడు నెలలలో కొన్న సరకును, ఇచ్చిన ధరను వ్రాయుడు. పదియిండ్ల పట్టీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. తనిఖీకి వంతు మోయుటకు ఎందరు పేరిత్తురో లెక్కించుడు. ఆ పేర్లు చాలినన్ని యున్నచో ఐదు సరకులతోనే మొదలుపెట్టుడు. చాలనిచో ఆ పేర్లు చేరువరకు ఆగుడు. సిద్ధము కాని అంగడి మూతపడినచో, మరల తెరువుదమను మాట మీ బిడ్డల కాలమున గాని పుట్టదు. పట్టీలు వ్రాయుటకు, నిబంధనలు కూర్చుటకు మావంటివారము వచ్చెదము. తక్కెడను పట్టవలసినవారు మాత్రము మీరే.